తులసికి మజ్జిగ కాదు, కత్తెర కావాలి

సంపాదకులకు నమస్కారం.

వాడిపోతున్న తులసికి వారానికోసారి పుల్లటి మజ్జిగ పోయమని, చెంచాడు ఎప్సమ్ సాల్ట్ వేయమని మీ పత్రిక ఇంటితోట శీర్షికలో వచ్చిన జవాబు చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. ప్రశ్న అడిగిన పాఠకురాలి మొక్క ఎందుకు వాడుతోందో ఆ జవాబులో ఎక్కడా లేదు. కుండీలో మట్టి తడిగా ఉందా, పొడిగా ఉందా? అడుగున కన్నం తెరుచుకుని ఉందా? నేరుగా ఎండ ఎన్ని గంటలు పడుతోంది? మొక్క వెన్నులు, అంటే కొమ్మల చివర నిలువుగా లేచే పూల కంకులు, వేసి ఎన్నాళ్లయింది? ఈ నాలుగూ తెలియకుండా మందు చెప్పడం చీకట్లో రాయి విసరడమే.

మజ్జిగలోని వెన్న, మాంసకృత్తులు మట్టి పైపొరలో కుళ్లి వాసన వేస్తాయి. చీమలూ, చిన్న చిన్న దోమల్లాంటి ఈగలూ చేరతాయి. ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేట్. మట్టిలో మెగ్నీషియం లోపం ఉంటేనే దానితో పని. బోరు నీళ్లతో ఇప్పటికే తెల్లటి ఉప్పు పేరుకున్న కుండీలో అది ఇంకో ఉప్పు, అంతే. నిజానికి ఇళ్లలో చనిపోయే తులసి మొక్కల్లో ఎక్కువ భాగం ఆకలితో చనిపోవు. నీళ్లు ఎక్కువై వేరు కుళ్లి కొన్ని పోతాయి, ఎవరూ కత్తిరించక విత్తనాలు కట్టి కట్టి అలసిపోయి మరికొన్ని పోతాయి.

ఈ సంగతి రాయడానికి అదను కూడా ఇదే. తొలకరి పడ్డాక, తొలి ఏకాదశికి అటూ ఇటూ, తులసికి చిగురు వేసే శక్తి బాగా ఉంటుంది. ఇప్పుడు కత్తిరించి మట్టి మారిస్తే కార్తీకంలో క్షీరాబ్ది ద్వాదశికి నాలుగు నెలలు చేతిలో ఉంటాయి. పండగ ముందు రోజు నర్సరీకి పరిగెత్తి కొత్త మొక్క తెచ్చి కోటలో గుచ్చే అవసరం రాదు.

ముందు రోగం కనిపెట్టాలి. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి చూడండి. మట్టి పొడిగా ఉండి ఆకులు వేలాడుతుంటే అది దాహం. నీళ్లు పోస్తే పూటలో లేస్తాయి. మట్టి తడిగా ఉండి కూడా ఆకులు వేలాడుతుంటే అది వేరుకుళ్లు. ఇళ్లలో పొరపాటు జరిగేది ఇక్కడే. ఆకు వాలింది కదా అని ఇంకో చెంబు పోస్తారు. వేరుకు నీరు ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టి రేణువుల మధ్య ఖాళీలన్నీ నీటితో నిండిపోతే వేరు ఊపిరాడక చస్తుంది, చచ్చిన వేరు నీరు పీల్చదు. అంటే నీళ్లలో నిలబడి మొక్క దాహంతో ఎండుతోందన్నమాట.

కుండీ బోర్లించి మొక్కను మట్టితో సహా బయటికి తీస్తే అనుమానం ఉండదు. మంచి వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్లిన వేరు గోధుమరంగులో మెత్తగా ఉండి, రెండు వేళ్లతో పట్టి లాగితే పైతొక్క ఊడి వచ్చి లోపల దారప్పోగు లాంటిది మిగులుతుంది. మురుగు వాసన కూడా వస్తుంది. వేళ్ల మీద పూసల్లా బుడిపెలు కనిపిస్తే అవి వేళ్లలో చేరే నులిపురుగుల (నెమటోడ్ల) పని. ఆ మట్టిని ఇంకే కుండీలోనూ వాడకూడదు.

ఆకుల మీద కూడా జాడలు ఉంటాయి. కింది ఆకులు పసుపుబారి రాలుతుంటే ఎక్కువసార్లు నీటి తప్పు. కొత్త ఆకులు పసుపుగా ఉండి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే మట్టిలో సున్నపు గుణం ఎక్కువై ఇనుము అందడం లేదని. ఆకు అంచులు మాడి, కుండీ అంచున తెల్లటి పొర కడితే ఉప్పు నీరు. కణుపుకీ కణుపుకీ దూరం పెరిగి కాండం సన్నగా ఒక పక్కకి వంగితే ఎండ చాలడం లేదు. ఆకులు గోరంత చిన్నవైపోయి, ప్రతి కొమ్మ చివరా ఎండు వెన్ను నిలబడి ఉంటే దానికి జబ్బేమీ లేదు. కత్తెర పడక ముసలిదైంది.

ఇక పూజ సంగతి. ఇది ఎవరి భక్తినీ తప్పుపట్టడం కాదు, లెక్క చెప్పడమే. ఇంటి చెంబులో అర లీటరు నుంచి ముప్పావు లీటరు పడుతుంది. పన్నెండు అంగుళాల కుండీలోని తులసికి వానాకాలంలో నాలుగైదు రోజులకోసారి, చలికాలంలో రెండు మూడు రోజులకోసారి నీరు చాలు. ఎండాకాలంలోనే రోజూ కావాలి. ఇంట్లో అత్తగారొక చెంబు, కోడలొక చెంబు పోస్తే వానాకాలంలో అవసరానికి ఎన్నో రెట్లు పడ్డట్టు. అపార్టుమెంటు ఆవరణలోని ఉమ్మడి తులసికోట సంగతి ఇంకా కష్టం. కార్తీక మాసంలో పది కుటుంబాలు తలా చెంబు పోస్తే రోజుకి ఐదు లీటర్లు దాటుతుంది. ఆ నెల గడిచాక మొక్క ఎండితే చలికి పోయిందంటారు.

దీనికి మార్గం పూజలోనే ఉంది. రోజూ ఉద్ధరిణెతో మూడుసార్లు నీళ్లు వదిలితే ఉపచారం జరుగుతుంది, మొక్కకు ముప్పు లేదు. వేలు గుచ్చి చూసి మట్టి పొడిగా ఉన్నరోజే చెంబుడు పోయాలి. ఆ పోసేది మాత్రం అడుగు కన్నంలోంచి కారేదాకా పోసి, కింద పళ్లెంలో నిలిచిన నీరు పారబోయాలి. అలా కాకుండా రోజూ చెంబుతో కొంచెం కొంచెం పోస్తే పైమట్టి ఎప్పుడూ బురదగా ఉంటుంది, అడుగు వేళ్లకు ఏమీ అందదు.

పసుపు కుంకుమలు కోట గోడకు పెట్టండి, కాండం మొదలుకు పూయొద్దు. సంప్రదాయంగా పసుపులో సున్నం కలిపి చేసిన కుంకుమకు సున్నపు గుణం ఉంటుంది. బజారు కుంకుమలో రంగులే ఎక్కువ. నైవేద్యం పాలు గిన్నెలో పెట్టి తీసేయాలి, మొక్క మొదట్లో పోయకూడదు. అక్షతలు మట్టిలో కుళ్లితే బూజు పడుతుంది. అగరవత్తి మట్టిలో గుచ్చకపోవడమే మేలు. దీపం కోట గూట్లోనే ఉండాలి. గూడు లేకపోతే ఆకులకు కనీసం అడుగు దూరంలో పెట్టాలి. దీపం నూనె ఒలికి మట్టిలో ఇంకితే ఆ చోట నీరు దిగదు. అలాంటప్పుడు రెండు అంగుళాల పైమట్టి గీకి పారేసి కొత్తది వేయడం తప్ప మరో దారి లేదు.

సిమెంటు కోటలతో ఇంకో తంటా. కొత్త సిమెంటు నుంచి సున్నం నెలల తరబడి మట్టిలోకి దిగుతుంది. కోట తెచ్చాక నాటబోయే ముందు రెండు వారాలపాటు నీళ్లు నింపి, రెండు మూడు రోజులకోసారి పారబోసి మళ్లీ నింపండి. చాలా కోటలకు అడుగున కన్నమే ఉండదు, ఉన్నా సిమెంటు తునకతో మూసుకుపోయి ఉంటుంది. డ్రిల్లుతో చిటికెన వేలు దూరేంత కన్నం పెట్టించుకోవాలి. అది కుదరకపోతే ఒక ఉపాయం: మొక్కను మామూలు మట్టికుండీలోనో ప్లాస్టిక్ కుండీలోనో పెంచి, ఆ కుండీని కోటలో దింపండి. కింద రెండు ఇటుక ముక్కలు పెడితే నీరు జారిపోతుంది. మట్టి మార్చాల్సినప్పుడు కుండీని పైకి తీస్తే చాలు.

నీటి విషయంలో పట్నాలవారికి రెండు హెచ్చరికలు. ఆర్వో యంత్రం వదిలేసే నీళ్లలో ఉప్పులు మామూలు నీటికంటే ఎక్కువ. వృథా చేయకూడదని మొక్కలకు పోయడం మంచి ఉద్దేశమే కానీ కుండీ మొక్కకు అది విషం. బోరు నీటికి సాఫ్టెనర్ (నీటి కాఠిన్యం తగ్గించే యంత్రం) పెట్టిన అపార్టుమెంట్లలో ఆ నీళ్లలో సోడియం ఉంటుంది. సాఫ్టెనర్‌లోకి పోకముందు తోటకి వదిలే కుళాయి ఉంటే అదే వాడండి. ఉప్పు ఇప్పటికే పేరుకుంటే, కుండీలో పట్టే మట్టికి రెండింతల మంచినీటిని మెల్లమెల్లగా పోసి అడుగునుంచి కారనివ్వాలి. వానలో రెండు పూటలు పెట్టినా అదే పని జరుగుతుంది.

ఇప్పుడు బాగుచేయడం. మొదట ఏది బతికుందో చూడాలి. కొమ్మ చివరినుంచి కిందికి వస్తూ అక్కడక్కడా కత్తెర మొనతో బెరడు కొంచెం గీకండి. లోపల పచ్చగా, తేమగా ఉంటే ప్రాణం ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే లేదు. మొదలు దగ్గర కూడా పచ్చదనం కనిపించకపోతే ఆ మొక్క మీద ఆశ వదులుకోవచ్చు. ఎండిన భాగాన్ని పచ్చ మొదలయ్యే చోటుదాకా కత్తిరించి తీసేయండి.

వేరు కుళ్లి ఉంటే బయటికి తీసి, మెత్తబడిన వేళ్లన్నీ కత్తిరించి, కుళ్లిన మట్టి దులిపేయాలి. కుళ్లు లేకుండా కేవలం వేళ్లు కుండీ ఆకారంలో చుట్టుకుపోయి ఉంటే చుట్టూ, అడుగునా ఒక అంగుళం మందం కోసేసి, ముద్దను వేళ్లతో వదులు చేయాలి. కొత్తగా నర్సరీ నుంచి తెచ్చిన మొక్కకూ ఇది వర్తిస్తుంది. పాలిథిన్ సంచి తీయకుండా నాటినవాళ్లూ ఉన్నారు. సంచి తీసినా, జిగురు మట్టి ముద్దను అలాగే తేలిక మట్టిలో పెడితే నీరు ముద్ద పక్కనుంచి జారిపోయి లోపల పొడిగా మిగిలిపోతుంది.

మట్టి కలపడానికి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు. పన్నెండు అంగుళాల కుండీకి రెండు గుప్పెళ్ల వేపపిండి కలిపితే నులిపురుగుల బెడద తగ్గుతుంది. నల్లరేగడి కుండీకి పనికిరాదు. తడిస్తే జిగురు, ఎండితే బీటలు. ఇసుక పేరుతో దొరికే రోబో శాండ్‌లో సన్నటి రాతిపొడి ఉంటుంది, అది సిమెంటులా బిగుసుకుంటుంది. గత్యంతరం లేకపోతే రెండుసార్లు కడిగి వాడాలి. కలిపిన మట్టిని తడిపి గుప్పెట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే విరిగిపోవాలి. విరగకపోతే ఇంకొంచెం ఇసుక వేయండి. అడుగున కంకర పొర వేయమని చాలామంది చెబుతారు. దానివల్ల నీరు త్వరగా దిగదు. నీరు నిలిచే పొర పైకి జరిగి, వేళ్లకు చోటు తగ్గుతుంది. కన్నం మీద ఒక కుండపెంకు బోర్లిస్తే సరిపోతుంది.

నాటేటప్పుడు కాండం ఇంతకుముందు ఎంత లోతులో ఉందో అంతే ఉండాలి. నిలబడడం లేదని మొదలు చుట్టూ మట్టి ఎగదోస్తే కాండం అక్కడే కుళ్లుతుంది. పక్కన సన్నటి పుల్ల పాతి కట్టుకోండి. వారం పది రోజులు వెలుతురు బాగా ఉండి మధ్యాహ్నపు ఎండ తగలని చోట పెట్టాలి. మూడు నాలుగు వారాలదాకా ఏ ఎరువూ వద్దు. దెబ్బతిన్న వేరు ఎరువును తీసుకోలేదు సరికదా, యూరియా లాంటిది చిటికెడు వేసినా మిగిలిన వేరు కూడా మాడుతుంది.

అసలు విషయం కత్తిరింపు. తులసి కాండం మీద ఆకులు జతలు జతలుగా, ఎదురెదురుగా ఉంటాయి. ఒక జత తూర్పు పడమరలకు ఉంటే పై జత ఉత్తర దక్షిణాలకు ఉంటుంది. ప్రతి ఆకు కాడా కాండానికి అతుక్కునే పంగలో ఆవగింజంత మొగ్గ ఒకటి దాక్కుని ఉంటుంది, కొన్నిసార్లు అప్పటికే రెండు బుల్లి ఆకులు విచ్చుకుని కనిపిస్తుంది. కొమ్మ చివర నుంచి కిందికి దిగే ఆక్సిన్ అనే హార్మోను ఆ మొగ్గల్ని ఎదగనివ్వదు. చివర తెగిందంటే ఆ అదుపు పోయి, కోసిన చోటికి కిందున్న రెండు మొగ్గలూ రెండు కొమ్మలవుతాయి. ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. మూడు కత్తిరింపులతో మొక్క గుబురెక్కుతుంది.

కోత ఆకుల జతకు పైన, అర సెంటీమీటరు ఎత్తులో పడాలి. ఆకులకు మరీ ఆనించి కోస్తే మొగ్గ తెగుతుంది. రెండు కణుపులకూ నడిమధ్య కోస్తే పైన మిగిలిన మోడు నల్లబడి ఎండుతుంది, ఆ ఎండు ఒక్కోసారి కణుపులోకి దిగి మొగ్గను కూడా చంపుతుంది. ఏటవాలుగా కోయాలా, అడ్డంగా కోయాలా అన్నది ఇంత సన్నటి కొమ్మకు పట్టించుకోవాల్సిన విషయం కాదు, కత్తెర పదునుగా ఉండాలి. మొద్దుబారిన కత్తెర కాండాన్ని నలిపేస్తుంది. ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పోయేముందు సర్జికల్ స్పిరిట్‌తో తుడిస్తే తెగుళ్లు పాకవు. కోసిన చోట పసుపు ముద్ద పెట్టడం హాని చేయదు, అవసరమూ లేదు.

ఒక్కసారిగా మూడో వంతుకు మించి పచ్చని భాగం తీయకండి. తీసిన తర్వాత ప్రతి కొమ్మ మీదా కనీసం రెండు మూడు జతల ఆకులు మిగలాలి. ఆకే మొక్కకు వంటిల్లు కనుక అది లేకపోతే చిగురు వేయడానికి సత్తువ ఉండదు. చాలామంది ధైర్యం చేసి ఒకేసారి మొదలుదాకా కొట్టేసేది ఇక్కడే. ముదిరి చేవదేలిన కాండంలో నిద్రపోయే మొగ్గలు తక్కువ, అది చిగురిస్తుందన్న భరోసా లేదు. మొక్క ఇప్పటికే ఆకుల్లేని మోడుగా ఉండి బెరడు కింద పచ్చగా ఉంటే, పాత ఆకులు రాలిన మచ్చలు కనిపించే కణుపు చూసుకుని ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు ఉంచి పైన కోయండి. అప్పుడు నీళ్లు సగం తగ్గించాలి, వాటిని ఖర్చుచేయడానికి ఆకు లేదు కదా. వానాకాలంలో పది పదిహేను రోజుల్లో కణుపుల దగ్గర చిగురు కనబడుతుంది. నెల దాటినా రాకపోతే బెరడు మళ్లీ గీకి చూడండి.

కొత్త కొమ్మ మూడు నాలుగు జతల ఆకులు వేయగానే, రెండో జత పైన చివర తీసేయాలి. చేతులు రానిది ఇక్కడే, ఇప్పుడిప్పుడే లేస్తున్న చిగురును తుంచాలనిపించదు. తుంచకపోతే ఒక్క కర్రలా పోయి చివర వెన్ను వేస్తుంది.

వెన్నుల గురించి మరోమాట. వెన్ను వేసి విత్తు కట్టడం మొదలైతే మొక్క బలమంతా విత్తనానికే పోతుంది. కొత్త ఆకు చిన్నబోతుంది, పాత ఆకు రాలుతుంది, కాండం చేవదేలుతుంది. పూలను మాత్రం దూసేసి వెన్ను కాడను వదిలేస్తే లాభం లేదు. వెన్ను కింద మొదటి ఆరోగ్యమైన ఆకుల జత దాకా వచ్చి దాని పైన కోయాలి. వానాకాలంలో పది పన్నెండు రోజులకోసారి మొక్కను చూసుకుంటే ఈ పని ఐదు నిమిషాలది. అన్నీ తీసేయమని కాదు. ఒక కొమ్మ మీద రెండు మూడు వెన్నులు వదిలితే తేనెటీగలకు పుప్పొడి, మనకు విత్తనం. కింది నుంచి పైకి గోధుమరంగు తిరిగాక కోసి, అరచేతుల మధ్య నలిపి ఊదితే గింజలు మిగులుతాయి.

రోజూ పూజకో కషాయానికో కోసేది కూడా కత్తిరింపే, ఎలా కోస్తామన్నదాన్ని బట్టి మేలో కీడో అవుతుంది. కింది పెద్ద ఆకుల్ని ఒక్కొక్కటిగా దూస్తే కొన్నాళ్లకు పైన కుచ్చు, కింద బోసి కర్ర మిగులుతుంది. దానికి బదులు రెండు జతల ఆకులున్న చివరను కత్తెరతో తీసుకోండి. అర్చనకు దళం దొరుకుతుంది, మొక్కకు రెండు కొమ్మలు వస్తాయి. తులసిని గోటితో గిల్లకూడదన్న పెద్దల మాట తోటపని లెక్కలోనూ సరైనదే, గోరు కాండాన్ని కోయదు, నలుపుతుంది. ద్వాదశి నాడు, ఆదివారాల్లో, మంగళ శుక్రవారాల్లో, సూర్యాస్తమయం తర్వాత కోయకూడదన్న పట్టింపు ఉన్న ఇళ్లలో ద్వాదశి కాని బుధ, గురువారాల ఉదయం ఈ పని పెట్టుకుంటే ఆ పట్టింపుకు అడ్డురాదు.

ఎండ రోజుకి కనీసం నాలుగు గంటలు నేరుగా పడాలి, ఆరు గంటలైతే మేలు. ఉత్తరపు బాల్కనీలో తులసి ఏళ్లపాటు బతకడం కష్టం. మే నెలలో విజయవాడ, రామగుండం లాంటి చోట్ల మాత్రం మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా సగం నీడనిచ్చే పచ్చవల కట్టాలి. ఆ నెలలో గట్టి కత్తిరింపులూ, మట్టి మార్పులూ పెట్టుకోవద్దు.

ఎరువు నెలకు రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు చాలు. పైమట్టి కొంచెం గుల్లచేసి కలిపేయాలి. పాలూ చక్కెరా కలిసిన టీ పొడి వేయడం చీమలకు విందు. వేసేట్టయితే బాగా కడిగి ఎండబెట్టి వేయండి.

పురుగుల్లో తులసిని బాగా పట్టే నల్లి ఒకటుంది, దాన్ని చాలామంది తెగులనుకుంటారు. ఆకు పైన తెల్లటి చుక్కలు పడి, చివర్లు ముడుచుకుని ఎండుతుంటే ఆకు తిప్పి భూతద్దంతో చూడండి. రెండు మూడు మిల్లీమీటర్ల పురుగులు, జల్లెడలా గళ్లుగళ్లుగా ఉన్న రెక్కలతో, గుంపుగా కూర్చుని రసం పీలుస్తుంటాయి. పక్కనే తారుచుక్కల్లా నల్లటి మచ్చలు, అవి వాటి విసర్జనలు. ముందు బాగా పట్టిన చివర్లను కోసి సబ్బునీళ్లలో ముంచేయాలి. మిగిలిన మొక్కను వంచి ఆకుల అడుగున పైపుతో గట్టిగా నీళ్లు కొట్టాలి. తర్వాత వేపనూనె. లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు. నూనెను నేరుగా నీళ్లలో పోస్తే పైకి తేలి, పిచికారీలో చివర చిక్కగా వచ్చి ఆకు మాడుతుంది. ముందు నూనెలో రెండు చెంచాల చిక్కటి కుంకుడు రసమో, కొద్దిగా గిన్నెలు తోమే ద్రవ సబ్బో వేసి తెల్లగా అయ్యేదాకా కలిపి, అప్పుడు నీళ్లు పోయాలి. సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొట్టి, వారానికోసారి చొప్పున మూడుసార్లు చేయాలి. కలిపింది అదే రోజు వాడేయాలి. కొట్టిన వారం దాకా ఆ ఆకును తీర్థంలో వేయకండి, తర్వాత కూడా కడిగే వాడండి. పిండినల్లి కొద్దిగా ఉంటే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిస్తే సరి. చీమల్ని ఆపకపోతే మళ్లీ వస్తుంది. ఆకులు గూడు కట్టి చుట్టుకుని ఉంటే లోపల చిన్న గొంగళి ఉంటుంది, ఆకుతో సహా తీసి పారేయడమే మందు.

చలి విషయానికొస్తే, రాత్రి వేడి 10 డిగ్రీల దగ్గరికి దిగితే తులసి ఎదుగుదల ఆపి ఆకు రాలుస్తుంది. ఆదిలాబాద్, అరకు వైపు పుష్య మాసంలో ఇది మామూలే. రాత్రిళ్లు గోడవారకు జరిపి నీళ్లు తగ్గించాలి. అప్పుడు ఎరువు వేసి లేపాలని చూడొద్దు, కత్తిరింపు మాఘం దాకా ఆపండి. అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లు రాత్రులు 10 డిగ్రీలకు దిగకముందే లోపలికి తేవాలి. దక్షిణపు కిటికీ ఒక్కటే చాలదు, రోజుకి 12 నుంచి 14 గంటలు మొక్కల దీపం (గ్రో లైట్) వెలగాలి. గదిలో హీటరు గాలికి ఎర్రనల్లి పడుతుంది, వారానికోసారి మొక్కను సింకులో పెట్టి ఆకుల అడుగున కడిగితే తగ్గుతుంది.

పిజ్జాల మీద వేసే బేసిల్ మన సబ్జా గింజలనిచ్చే మొక్కే, తులసికి దగ్గరి చుట్టం. కోత నియమం దానికీ ఇదే. కాకపోతే అది ఏడాది మొక్క, పూత వస్తే త్వరగా అయిపోతుంది కనుక ఇంకా తరచుగా తుంచాలి.

చివరగా, ఎంత బాగా చూసినా కుండీలో తులసి రెండు మూడేళ్ల మొక్కే, మర్రిచెట్టు కాదు. అది ఎండిందని ఇంటికి ఏదో కీడు రాబోతోందని భయపడి జ్యోతిష్యుల దగ్గరికి పోయేవాళ్లున్నారు. మొక్క పోయింది వయసుతోనో, నీటితోనో, వెన్నులతోనో. కోటలోని మొక్క పోకముందే దాని బిడ్డను సిద్ధం చేసుకుంటే ఆ బెంగ ఉండదు. వెన్ను వేయని కొమ్మ చివర నాలుగైదు అంగుళాలు కోసి, కింది ఆకులు తీసి, రెండు కణుపులు మునిగేలా గాజు గ్లాసు నీళ్లలో పెట్టండి. ఆకు నీళ్లలో మునిగితే కుళ్లుతుంది. రెండు రోజులకోసారి నీళ్లు మార్చి, ఎండ నేరుగా తగలని వెలుతురులో ఉంచితే వారం నుంచి రెండు వారాల్లో కణుపుల దగ్గర తెల్లటి వేళ్లు వస్తాయి. అవి అంగుళం దాటగానే చిన్న కుండీలోకి మార్చాలి, నీళ్లలోనే మరీ పొడుగెక్కనిస్తే మట్టికి అలవాటు పడడం కష్టమవుతుంది. ఎలాగూ ఈ నెలలో కత్తిరిస్తారు కనుక, కోసిన చివర్లలో మంచివి నాలుగు గ్లాసులో వేయండి. రెండైనా బతుకుతాయి. ఒకటి మీ కోటకు, ఒకటి పక్కింటికి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కడియం, తూర్పు గోదావరి జిల్లా